ఇంట్లో ఉండి చదివే డిగ్రీకి విలువ ఉంటుందా?

ఇంటర్ కాగానే పెళ్లయింది, గుంతకల్లు దగ్గర పల్లెలో ఉంటున్నాను, కాలేజీకి పంపరు, దూరవిద్యలో డిగ్రీ చేస్తే విలువ ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2022లో స్పష్టం చేసింది. చేరే ముందు ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో మాత్రం యూజీసీ వెబ్‌సైటులో చూసుకోండి.

నా మనసు ‘కాలేజీకి పంపరు’ అన్న మీ మాట దగ్గరే ఆగిపోయింది. నేనూ ఉరవకొండ దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చినదాన్నే. 1999లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏకు చేరతానంటే, గడప దాటే పని లేదు కదా అని మా అత్తగారు ఒప్పుకున్నారు. పుస్తకాలు వచ్చాయి గానీ ఇంటి పని తగ్గలేదు. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లో పుస్తకం పట్టుకుంటే, “చదువు ఎక్కడికి పోతుంది, రాత్రి చూసుకో” అనేవారు. రాత్రయితే పాప నిద్ర లేచేది. ఆరు నెలల్లో ఇరవై పేజీలు కూడా చదవలేకపోయాను.

అనంతపురంలో స్టడీ సెంటరు వాళ్లు ఆదివారాలు తరగతులు పెట్టేవారు. హాజరు తప్పనిసరి కాదు. తప్పనిసరి అని ఇంట్లో చెప్పి బస్సెక్కాను. ఆ అబద్ధానికి నాకు ఈనాటికీ చింత లేదు. అక్కడ నాలాంటి వాళ్లే ఏడెనిమిది మంది కనిపించారు. పాత ప్రశ్నపత్రాలు పంచుకున్నాం, ఒకరి పిల్లలను ఒకరం ఎత్తుకున్నాం. నేను నిజంగా చదివింది ఆ ఆదివారాల్లోనే.

రెండో ఏడాది పరీక్ష ఫీజు ఒక మధ్యవర్తి చేతికిచ్చి మోసపోయాను, ఏడాది పోయింది. ఫీజు మీరే కట్టి రసీదు దాచుకోండి.

ఇప్పుడు ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) మూడేళ్ల బీఏకు ఆరేళ్ల దాకా గడువు ఉంటుంది. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. కాన్పు వచ్చినా, సేద్యం పని ముంచుకొచ్చినా ఒక విడత వదిలి మరో విడత రాసుకోవచ్చు. పాఠాలు ఫోనులోనే దొరుకుతాయి. అందుకే “ఇంక వెళ్లడం దేనికి?” అనడం ఇంట్లోవాళ్లకు మరింత తేలికైంది. ఆ మాటకు లొంగకండి. దగ్గరలోని కేంద్రంలో తరగతులు ఎప్పుడు జరుగుతాయో కనుక్కోండి. ఆ రోజు వంట ఎవరు చేస్తారో మాత్రం ఫీజు కట్టకముందే మీ ఆయనతో తేల్చుకోండి.