వాలెట్ కనెక్ట్ అయితే లాగిన్ అయినట్టేనా?

"సైట్‌లో లాగిన్ కోసం మెటామాస్క్ లాంటి క్రిప్టో వాలెట్ కనెక్ట్ చేయించి, వాలెట్ అడ్రస్‌ని సర్వర్‌కి పంపిస్తే సరిపోదా?" అని ఒకరు అడిగారు. సరిపోదు. అడ్రస్ అనేది లోకమంతా చూడగలిగేదే కాబట్టి ఎవరైనా మీ యూజర్ అడ్రస్ కాపీ చేసి మీ ఏపీఐకి పంపొచ్చు. ఆ అడ్రస్ ప్రైవేట్ కీ (యజమాని దగ్గర మాత్రమే ఉండే రహస్య సంఖ్య) తన దగ్గరే ఉందని యూజర్ డిజిటల్ సంతకంతో నిరూపించాలి.

ఎథీరియం బ్లాక్‌చెయిన్‌లో ఇలా సంతకంతో లాగిన్ కావడానికి ఈఐపీ-4361 అనే ప్రమాణం ఉంది. యూజర్ సంతకం చేసే సందేశంలో మీ సైట్ డొమైన్, అడ్రస్, చైన్ ఐడీ (ఏ బ్లాక్‌చెయిన్ నెట్‌వర్కో చెప్పే సంఖ్య), సమయం, నాన్స్ (ఒక్కసారే వాడే యాదృచ్ఛిక కోడ్) ఉంటాయి. యూజర్ చదివి వాలెట్‌లో సైన్ చేస్తాడు, లావాదేవీ కాదు కాబట్టి గ్యాస్ (నెట్‌వర్క్ రుసుము) ఖర్చేమీ ఉండదు. సందేశం తయారు చేయడానికీ సర్వర్‌లో సంతకం సరిచూడడానికీ వియెమ్ (viem) అనే టైప్‌స్క్రిప్ట్ లైబ్రరీలో ఫంక్షన్లు సిద్ధంగా ఉన్నాయి, చేత్తో రాయకండి.

అసలు జాగ్రత్త నాన్స్ దగ్గరే. దాన్ని సర్వరే పుట్టించి సెషన్‌లో దాచి, సంతకంతో పాటు వచ్చినది అదేనా, డొమైన్ మనదేనా అని చూసి, ఒక్కసారి వాడగానే చెరిపేయాలి. బ్రౌజర్ ఇచ్చిన నాన్స్‌ని నమ్మితే, ఎవరికైనా పాత సంతకం దొరికిందంటే దాంతోనే మళ్లీ లోపలికి వచ్చేస్తారు. అన్నీ సరిపోతే హెచ్‌టీటీపీ-ఓన్లీ కుకీ (పేజీలోని జావాస్క్రిప్ట్ చదవలేనిది) ఇవ్వండి, లాగిన్ టోకెన్‌ని లోకల్ స్టోరేజ్‌లో మాత్రం పెట్టకండి.

సేఫ్ లాంటి కాంట్రాక్ట్ వాలెట్లకి (బ్లాక్‌చెయిన్‌లోని ప్రోగ్రామ్‌తో నడిచేవి) మామూలు వెరిఫికేషన్ పనిచేయదు, ఈఐపీ-1271 అనే ప్రమాణం ప్రకారం సంతకం చెల్లుతుందా అని ఆ కాంట్రాక్ట్‌నే అడగాలి. యూజర్ వాలెట్‌లో అకౌంట్ మార్చితే పాత సెషన్ తీసేసి మళ్లీ సైన్ చేయించండి.