అత్తగారి గ్లాసు ముందు ఆపు

అమ్మాయి సుధకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పెరట్లో కలబంద మట్టలు బాగా లావెక్కాయని, రోజూ పరగడుపున రసం తీసి తాగుతున్నావని, వచ్చే వారం నుంచి మీ అత్తగారికి కూడా పోస్తానని ఫోనులో చెప్పావు. అప్పుడు బస్సులో ఉన్నాను, గోలలో సరిగా చెప్పలేకపోయాను. నీ బరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆవిడ గ్లాసు ఆపు.

రక్తపోటుకు ఆవిడ వేసుకునేది మూత్రం ఎక్కువగా పోయే మాత్ర. అలాంటి మాత్రలు చాలావరకు ఒంట్లో పొటాషియాన్ని తగ్గిస్తాయి. మట్ట తొక్క కిందుండే పసుపు రసం విరేచనాలు పట్టించి మిగిలింది కూడా లాగేస్తుంది. నీరసంతో, కాళ్ళు పీకడంతో మొదలై గుండె లయ తప్పేదాకా పోవచ్చు. చక్కెర జబ్బుకు మాత్రలు కూడా వాడుతున్నారు కదా? కలబంద వాటితో కలిస్తే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టరును అడగకుండా చెంచాడు కూడా ఇవ్వకు.

ఆ పసుపు రసం ఏమిటో నీ కళ్ళతోనే చూడు. మట్టను మొదట్లో కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గాజు గ్లాసులో నిలబెట్టు. కాసేపటికి అడుగున పసుపుగా, ఘాటు వాసనతో చేరుతుంది. దాన్ని ఎండబెడితే వచ్చేదే మూసాంబరం. మా అమ్మ దాన్ని బెణుకులకు పట్టు వేసేది, కడుపులోకి మాత్రం పోనిచ్చేది కాదు. రోజుకు ఒక గ్రాము చొప్పున కొన్నాళ్ళు మింగినా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. దీనితో చేసిన, విరేచనం అయ్యేందుకు వాడే మందులను దుకాణాల్లో నేరుగా అమ్మకూడదని అమెరికాలో 2002లోనే ఆపేశారు. మట్ట మొత్తం రుబ్బి తీసిన సారంతో ఎలుకల పెద్దపేగులో కణుతులు వచ్చాయి. మనుషుల్లో అది రుజువు కాలేదు కానీ, నాకైతే తాగబుద్ధి కాదు.

ఒకసారి తొందరలో నేనే తొక్కతో సహా మిక్సీలో వేశాను. మధ్యాహ్నం లోపల ఎనిమిది సార్లు లేచాను. మీ పెదనాన్న ఆ లెక్క ఇప్పటికీ మర్చిపోలేదు.

నువ్వు కూడా తాగడం మానెయ్. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, ఆ పసుపు రసం గర్భసంచిని ముడుచుకునేలా చేయవచ్చు. పాలిచ్చే తల్లులకూ వద్దు. ఏ ఆపరేషన్ ఉన్నా రెండు వారాల ముందే ఆపాలి.

ఇక పైపూతకు అంత భయం లేదు. పసుపు రసం కారిపోయాక తొక్క తీసి, లోపలి తెల్లటి గుజ్జును రెండు మూడు నీళ్ళలో కడుగు. ముఖానికి పూసే ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడు. దురద గానీ ఎర్రటి దద్దుర్లు గానీ వస్తే అది నీ ఒంటికి సరిపడదు. ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్ళకు ఇదీ పడకపోవచ్చు. చిన్నగా కాలిన చోట పర్వాలేదు, లోతుగా తెగిన గాయంలో మాత్రం పెట్టకు.

మట్టలు వృథా అవుతాయని బాధపడకు. ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి గుమ్మానికి తలకిందులుగా కట్టు, నీళ్ళు లేకుండానే నెలల తరబడి బతుకుతుంది. అత్తగారు ఇప్పటికే రెండు మూడు రోజులు తాగి ఉంటే, ఈ ఉత్తరం మడిచేలోపే ఆవిడకు విరేచనాలు ఎలా ఉన్నాయో అడిగి నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
పెద్దమ్మ