రెండోది ఉంది కదా అని ఊరుకోవచ్చా?

ప్రశ్న: సార్, నేను ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కాంట్రాక్టు మీద నైట్ డ్యూటీ చేస్తున్నాను. ఎక్స్ఛేంజిని నడిపే రెండు కంట్రోల్ కార్డుల్లో, మొదటిది పోతే పని అందుకోవాల్సిన స్టాండ్‌బై కార్డుకు వారం నుంచి ఎర్ర లైటు వెలుగుతోంది. ఫోన్లన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క కంప్లయింటు రాలేదు. "మైనర్ అలారమే, స్పేర్ కార్డు వచ్చాక చూద్దాంలే" అంటున్నారు పైవాళ్లు. నేను అనవసరంగా కంగారు పడుతున్నానా?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: అనవసరం కానే కాదు. ఆ లైటు వెలిగిన రాత్రి నుంచి మీ ఎక్స్ఛేంజి ఒంటికార్డు మీద నడుస్తోంది. జంటలో ఒకటి పోతే చందాదారుడికి తెలియదు, కాబట్టి కంప్లయింటు రాదు. ఆ లైటు చూసి చెప్పాల్సింది మీరొక్కరే.

ముప్పై ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చిన్న ఎక్స్ఛేంజిలో అలారం బజర్ రొద భరించలేక ఎవరో దాంట్లో గుడ్డపీలిక కుక్కారు. రిజిస్టరులో మాత్రం రోజూ "స్టాండ్‌బై ఫాల్టీ" అని రాసి సంతకం పెట్టేవాళ్లం. 11 రోజులు అలాగే గడిచాయి. వాటిలో నా సంతకాలు నాలుగు. 12వ రోజు సాయంత్రం రెండో కార్డూ పోయింది. ఊరంతటికీ డయల్ టోన్ లేదు. కూతురికి నొప్పులొస్తున్నాయని, డాక్టరు నంబరు రాసిన చీటీ పట్టుకుని ఒక పెద్దాయన ఎస్టీడీ బూత్ నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చాడు. చెమటకు ఆ చీటీలో అంకెలు అలుక్కుపోయాయి. ఆయన్ను నా సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లాను. తల్లీబిడ్డా క్షేమం. అయినా ఆ నాలుగు సంతకాలు నాకింకా గుర్తున్నాయి.

పెద్ద నెట్‌వర్కులకూ ఇదే జరిగింది. 1991 సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో అమెరికన్ టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వారి స్విచింగ్ కేంద్రంలో రెక్టిఫయర్లు (ఏసీ కరెంటును డీసీగా మార్చే పరికరాలు) పనిచేయక, పరికరాలు బ్యాటరీల మీద పడ్డాయి. ఆరు గంటలపాటు అలారాలను ఎవరూ గమనించలేదు. కాల్స్ నడుస్తూనే ఉన్నాయి మరి! బ్యాటరీలు దిగిపోయాకే అందరికీ తెలిసింది. అప్పటికి నగరం చుట్టుపక్కల విమానాశ్రయాలు కూడా స్తంభించాయి.

అందుకే ఎక్స్ఛేంజికి కరెంటు అందించే మీ పవర్ ప్లాంటు మీటరు కూడా చూస్తూ ఉండండి. 24 సెల్స్ ఉన్న బ్యాటరీ ఫ్లోట్‌లో, అంటే నిండుగా ఛార్జయి ఛార్జర్ మీదే నిలిచి ఉంటే మీటరు 54 వోల్టుల దగ్గర నిలబడుతుంది. అది 50 వైపు జారుతోందంటే బ్యాటరీ ఖర్చవుతున్నట్టే, ఫోన్లు ఎంత బాగా మోగుతున్నా సరే.

పచ్చలైటును కూడా పూర్తిగా నమ్మకండి. స్టాండ్‌బై తనను తాను పరీక్షించుకుని బాగున్నానంటుంది, లోడు మోసి చూపించదు. ట్రాఫిక్ తక్కువగా ఉండే తెల్లవారుజామున, అనుమతి తీసుకుని అప్పుడప్పుడు స్విచ్‌ఓవర్ చేస్తేనే, అంటే పనిని స్టాండ్‌బైకి మార్చి చూస్తేనే, దాని సత్తా తెలిసేది. కానీ ఇప్పుడు మాత్రం దాని జోలికి పోవద్దు. స్టాండ్‌బై పాడై ఉండగా స్విచ్‌ఓవర్ చేస్తే ఉన్న ఒక్కటీ చేజారుతుంది. ఇంకో సంగతి: రెండు ఫైబర్లు ఒకే కందకంలో వెళ్తుంటే స్క్రీన్ మీద రెండూ పచ్చగానే కనిపిస్తాయి, ఒక్క జేసీబీ పంటికి రెండూ తెగుతాయి. మీ రూటు మ్యాపు అడిగి చూడండి.

ఈ రాత్రే పైవాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. "స్టాండ్‌బై ఫాల్టీ" అని మాత్రమే రాస్తే చాలదు, "ప్రస్తుతం ఎక్స్ఛేంజికి రెండో కార్డు ఆధారం లేదు" అని స్పష్టంగా రాయండి. ఎన్నో రోజో కూడా రాయండి. పక్క ఎక్స్ఛేంజిలో స్పేర్ కార్డు ఉందేమో కనుక్కోండి, సాధారణంగా ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది వచ్చాక చెడ్డ కార్డనుకుని మంచిది లాగేయడం మన పనిలో తరచూ జరిగే పొరపాటు. కాబట్టి స్లాట్ నంబరు మీరు పైకి చదవండి, పక్కనున్న వాళ్లను మళ్లీ చదవమనండి. ఆ తర్వాతే కార్డు మీద చెయ్యి వేయండి.