పాటకు అర్థం అడిగే ముందు

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ కాలనీ లైబ్రరీలో నెలకోసారి పాటల ముచ్చట మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషమైంది. మొదటిసారే ఇద్దరు పెద్దవాళ్లు వాదించుకున్నారనీ, వచ్చే నెల ఎలా నడపాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వేస్తూ, వాళ్ల ఉత్తరాలు చదువుతూ నా ఉద్యోగమంతా గడిచింది. అందుకని ఈ విషయంలో నేను నీకు చెప్పగలిగింది కొంత ఉంది.

ముందు ఆ వాదన సంగతి. సిరివెన్నెల గారు రాసిన 'జగమంత కుటుంబం నాది' పాట పల్లవిలోనే రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. లోకమంతా నా కుటుంబమే అంటాడు, వెంటనే ఏకాకి జీవితం నాది అంటాడు. నువ్వు రాసినదాన్ని బట్టి, పిల్లలిద్దరూ అమెరికాలో ఉండి ఇక్కడ ఒక్కడే వండుకు తింటున్న ఆ మాస్టారికి రెండో మాట గట్టిగా వినిపించింది. ఏళ్ల తరబడి అంగన్‌వాడీలో ఊరి పిల్లలందరినీ సాకిన ఆవిడకు మొదటి మాట వినిపించింది. ఇద్దరూ పాటలో ఉన్నదే విన్నారు. నువ్వేమో మధ్యలోకి వెళ్లి, 2005లో వచ్చిన 'చక్రం' సినిమా కథ చెప్పి, హీరో జబ్బు సంగతి దాచి ఇల్లు వదిలి వెళ్తాడు కాబట్టి ఇది ఒంటరితనం పాటేనని తేల్చేశావు. కథ నిజమే. కానీ చెప్పాల్సిన సమయం అది కాదు. ఆ తర్వాత ఆవిడ ఇంక నోరు విప్పలేదని నువ్వే రాశావు కదా. ఆవిడకు ఈలోగా ఒకసారి ఫోన్ చెయ్యి. మీరు చెప్పింది పూర్తిగా వినలేకపోయాను, వచ్చే నెల తప్పకుండా రండి అని పిలువు.

సినిమా పేరు, కవి పేరు, సన్నివేశం, ఇవన్నీ చివరికి ఉంచుకో. పాటను ముందు ఒట్టిగా వినిపించు, వీలైతే రెండుసార్లు. తెర మీద వీడియో వెయ్యవద్దు. హీరో మొహం కనిపించగానే అందరి మనసులోకీ ఒకే బొమ్మ వచ్చి కూర్చుంటుంది, ఎవరి జ్ఞాపకం వాళ్లకు వెనక్కి పోతుంది.

తర్వాత, 'ఈ పాటకు అర్థం ఏమిటి' అని అడగకు. అది పరీక్ష ప్రశ్న. తెలుగు చదువుకున్నవాళ్లు ఇద్దరు జవాబు చెప్తారు, మిగతా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. 'ఏ మాట దగ్గర మీ మనసు ఆగింది?' అని అడుగు. దానికి జవాబు లేని మనిషి ఉండడు. ఆ పైన 'ఈ పాట మొదట ఎక్కడ విన్నారు?' అని అడుగు. ఈ రెండిటితోనే సాయంత్రం గడిచిపోతుంది.

మాకు వచ్చే ఉత్తరాల్లో చాలామంది పాట పేరు, సినిమా పేరు, ఇంటిల్లిపాది పేర్లు, ఊరి పేరు రాసి ఊరుకునేవారు. ఎందుకు కోరుతున్నారో రాసేవాళ్లు తక్కువ. ఆ తక్కువమంది ఉత్తరాలే నాకు పాటలు నేర్పాయి. కోనసీమ నుంచి ఒకామె 'తోడికోడళ్లు' సినిమాలోని 'ఆడుతు పాడుతు పనిచేస్తుంటే' పాట పదే పదే కోరేది. 1957 నాటి పాట. కొసరాజు గారు రాసింది. పొలం పనిలో ఉన్న జంట హుషారుగా పాడుకునేది. నేను దాన్ని ఎప్పుడూ ఉల్లాసమైన గీతం అనే పరిచయం చేసేదాన్ని. ఆమె ఒక ఉత్తరంలో రాసింది, తన భర్త దుబాయ్‌లో ఉన్నాడట. ఇద్దరం ఒకటై చెయ్యి కలిపితే ఎదురేముంది అనే మాట వచ్చినప్పుడల్లా చేస్తున్న పని ఆపి కూర్చుంటుందట. పాటలో ఇద్దరున్నారు, తన ఇంట్లో ఒక్కతే ఉంది. కవి ఆ విచారాన్ని రాయలేదు. కానీ ఇద్దరూ కలిసి ఉంటే అలుపు ఉండదు అని రాసినవాడు, ఒక్కరే ఉంటే అలుపు ఎంతో చెప్పకుండానే చెప్పాడు. ఆ సంగతి ఆమెకు తెలిసింది, అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇప్పుడు పాట ఎక్కడ విన్నామనేది దాని అర్థాన్ని ఎంత దూరం లాక్కుపోతుందో చూడు. ఘంటసాల గారి భగవద్గీత ఉంది. పొద్దున్నే ఏ వీధి నుంచైనా మైకులో 'పార్థాయ ప్రతిబోధితాం' అని వినపడితే మన ఊళ్లలో అందరూ అనేది ఒకటే, అయ్యో, ఎవరు పోయారో అని. వైకుంఠ రథం మీద అదే, పెద్దకర్మ రోజున అదే. మామూలు రోజున ఇంట్లో పెడితే అశుభం, ఆపమనే వాళ్లు ఎంతమందో. గీతలో ఉన్నదేమిటి? విల్లు జారవిడిచి కూలబడినవాణ్ని లేపి, నీ పని నువ్వు చెయ్యి అని చెప్పడం. బతికి ఉన్నవాడికి, బతికి ఉండగా చెయ్యాల్సిన పని గురించి చెప్పిన మాటలు. అయితే జనం ఊరికే పొరబడ్డారని అనుకోకు. పుట్టినవాడికి చావు తప్పదు, చచ్చినవాడికి పుట్టుక తప్పదు, దానికి శోకించకు అనే శ్లోకం రెండో అధ్యాయంలో ఉంది. దుఃఖంలో ఉన్న ఇల్లు ఆ శ్లోకాన్ని పట్టుకుంది. వీధిలో ఉన్నవాళ్లు ఆ ఇంటి నుంచి వచ్చే గొంతును పట్టుకున్నారు. కొన్నేళ్లకు ఆ గొంతు వినిపిస్తే చాలు, శ్లోకంతో పని లేకుండా పోయింది.

దీనికి సరిగ్గా ఎదురుగా జరిగింది 'పాడుతా తీయగా చల్లగా' పాటకు. 1964 నాటి 'మూగమనసులు' కోసం ఆత్రేయ గారు రాశారు, పాడింది ఘంటసాల గారే. భర్త పోయిన అమ్మాయిని ఓదార్చడానికి పడవవాడు పాడే పాట అది. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి కార్యక్రమానికి ఆ మొదటి మాటలే పేరయ్యాయి. మీ తరానికి ఆ మాటలు వినగానే స్టేజి, లైట్లు, పిల్లలు పోటీపడి పాడటం, ఆయన నవ్వుతూ తప్పులు దిద్దటం గుర్తొస్తాయి. మీకది పండగ మాట. చావు గురించి కాని గీత చావు పాటైంది, చావింట ఓదార్పు పాట పండగ పేరైంది. పదాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మనం వాటిని విన్న చోటు మారింది.

నా సంగతి కూడా చెప్తాను. ఆ పాటను నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నోసార్లు వేశాను. కమ్మని బాణీ అనేదే నా మనసులో ఉండేది. మీ పెదనాన్న పోయాక ఒక మధ్యాహ్నం పక్కింట్లో నుంచి వినిపించింది. 'పోయినోళ్లు అందరూ మంచోళ్లు' అనే దగ్గర నాకు చెయ్యి ఆడలేదు. అంతకుముందు ఆ చరణం వినలేదా అంటే విన్నాను. చెవితో విన్నాను. అందుకే పెద్దవాళ్లను ఇంకో ప్రశ్న కూడా అడుగు: ఈ పాట మీ చిన్నప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది? తన పెళ్లిలో విన్న అప్పగింతల పాటకూ, కూతురి పెళ్లిలో విన్న అదే పాటకూ తేడా చెప్పమంటే ఏ తల్లయినా గంటసేపు చెప్తుంది.

ఇలా అంటున్నానని, ఎవరు ఏం చెప్పినా రైటే అని మాత్రం సభ ముగించకు. ఈ విషయంలో నాకు పట్టుదల ఉంది. ఒక్కో మాటను తూచి రాసిన కవికి అది అన్యాయం. అందరూ చెప్పడం అయ్యాక పాట పూర్తి పాఠాన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి పంచు. 'మీరు చెప్పింది ఏ పాదంలో ఉందో చూపిస్తారా?' అని అడుగు. మాస్టారూ చూపించగలరు, అంగన్‌వాడీ ఆవిడా చూపించగలదు. కోనసీమ ఆమె అయితే వేలు పెట్టి చూపించేది. చూపించలేని వాళ్లూ ఉంటారు. తమ బాధ ఎంత పెద్దదంటే, దారిన పోయే ప్రతి పాటా దాని గురించే అనిపిస్తుంది. వాళ్లను తప్పని అనవద్దు. 'ఇది పాటలో కన్నా మీ మనసులో ఎక్కువ ఉన్నట్టుంది, దాని గురించి చెప్పండి' అను. పాటను పాటగా, మనిషిని మనిషిగా వినడానికి అప్పుడు వీలవుతుంది.

కొన్ని పాటల్లో పాఠమే రెండు వైపులా తెరిచి ఉంటుంది. 1953 నాటి 'దేవదాసు'లో 'కుడి ఎడమైతే పొరపాటు లేదోయ్' పాట అలాంటిది. అది తాగినవాడి మాటా, ఓడినవాడికి చెప్పే ధైర్యమా అని ఇప్పటికీ వాదిస్తారు. దాన్ని తేల్చకుండా వదిలెయ్యి.

ఇంకో రకం పాటలు ఉన్నాయి. అవి నాకు అన్నిటికన్నా ముఖ్యం. గోరటి వెంకన్న గారి 'పల్లె కన్నీరు పెడుతుందో' తీసుకో. 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చింది. పట్నంలో పుట్టిన పిల్లలు దాన్ని విని ఊరి మీద బెంగ అంటారు. బాణీలో బెంగ ఉంది, కాదనను. కానీ ఆ పాట కొలిమి ఏమైందో, బాడిస ఏమైందో, మగ్గం ఏమైందో పనిముట్టు పనిముట్టుకూ లెక్క చెప్తుంది. మగ్గం సడుగులు విరిగాయి అంటే చేనేత ఇంట పుట్టినవాడికి అందులో బువ్వ పోవడం వినిపిస్తుంది. మిగతావాళ్లకు అదొక పదం. ఇలాంటి చోట సొంత అనుభవం లేకపోతే అసలు అర్థమే అందదు. మీ కాలనీలో పద్మశాలి పెద్దాయనో, వడ్రంగం చేసి మానేసినవాళ్లో తప్పకుండా ఉంటారు. ఆ పాట వేసేరోజు వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టు. ఆ రోజు తెలుగు లెక్చరర్లు వినాలి, వాళ్లు చెప్పాలి.

మీది హైదరాబాద్ కాబట్టి ఒక్క మాట. 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' లాంటి పాట వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండు. శంకరంబాడి సుందరాచారి గారు రాసిన ఆ పాటతో బడి ప్రార్థన గుర్తొచ్చి కళ్లు చెమర్చేవాళ్లు ఉంటారు. ఉద్యమంలో తిరిగినవాళ్లలో అది తమది కాదని అనిపించినవాళ్లూ ఉంటారు, వాళ్లకు అందెశ్రీ గారి 'జయ జయహే తెలంగాణ' పాటే ప్రాణం. 2024లో అది రాష్ట్ర గీతం అయింది. ఎవరినీ ఒప్పించాలని చూడకు. ఆ పాటను మొదట ఏ బడిలో, ఏ సభలో పాడారో చెప్పమను, చాలు.

మరొకటి. పాట మధ్యలో ఎవరైనా లేచి బయటికి వెళ్తే వెళ్లనివ్వు. తిరిగొచ్చాక కారణం అడగవద్దు. 'జాము రాతిరి జాబిలమ్మ' పాటనే చూడు, సినిమాలో అది అడవిలో భయపడుతున్న అమ్మాయి కోసం పాడినది. ఇప్పుడు ఎన్నో ఇళ్లలో అది పిల్లల జోలపాట. ఆ జోల పాడిన ఇళ్లన్నిటిలో ఏం జరిగిందో మనకు తెలియదు.

వచ్చే నెలకు రెండు పాటలే పెట్టుకో, ఎక్కువైతే ఎవరికీ మాట్లాడే సమయం ఉండదు. 'పాడుతా తీయగా'తో మొదలుపెట్టమని నా సలహా. ముందు చిన్నవాళ్లను చెప్పనివ్వు. పెద్దలు ముందు మాట్లాడితే పిల్లలు వాళ్ల మాటే అప్పజెప్తారు. ఆ తర్వాత పెద్దలను అడుగు. చెప్పినవి ఎవరి మాటల్లో వాళ్లవిగా ఒక నోట్‌బుక్కులో రాసి ఉంచు, పేర్లు వద్దు, వయసు, చేసే పని రాస్తే చాలు. రెండో పాట ఏది పెట్టాలో ఆదివారం ఫోన్ చెయ్యి, పాఠం నా దగ్గర ఉంటే ఫొటో తీసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ