జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకు

చిట్టితల్లీ,

క్యాన్సర్‌కి ఇచ్చే మూడో కీమో, రక్తకణాలు తగ్గడంతో వాయిదా పడిందని, నిన్నటి నుంచి నువ్వు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని మీ అమ్మ చెప్పింది. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటాం, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. రెండో కీమో అయిన పదో రోజు రాత్రి నాకు చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. థర్మామీటర్ పెట్టుకుంటే 100.8. మీ పెదనాన్న అప్పుడే కాస్త కునుకు తీశారు, లేపడం ఎందుకులే అని పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. గంటకి చెమటలు పట్టి జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నా. తెల్లారి లేవబోతే కళ్లు తిరిగి, గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. బీపీ పడిపోయింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఆ మాత్ర జ్వరాన్ని దాచింది, అంతే. లోపల ఇన్ఫెక్షన్ తన పని తాను చేసుకుపోయింది.

కీమో మందు, రక్తకణాలు తయారుచేసే ఎముక మూలుగను కూడా దెబ్బతీస్తుంది. చాలా మందులకి, ఎక్కించాక 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. వాటిలో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే కణాలు మైక్రోలీటర్ రక్తంలో 500 కంటే తగ్గితే ఒంట్లో కాపలా లేనట్టే. చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి. అవి లేనప్పుడు చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. స్టెరాయిడ్లు వాడుతుంటే అదీ బయటపడకపోవచ్చు. కాబట్టి 100.4 దాటినా, జ్వరం లేకుండా వణుకు, ఆయాసం, మత్తు లాంటివి వచ్చినా అప్పటికప్పుడు డాక్టర్లు ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చెయ్యి. వాళ్లని అడగకుండా మాత్ర వేసుకోకు. ఆస్పత్రికి వెళ్లగానే మొదటి మాట "నేను కీమోలో ఉన్నాను, జ్వరం వచ్చింది" అని గట్టిగా చెప్పు. వెళ్లిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. మామూలు జ్వరాల వాళ్లతో పాటు వరసలో కూర్చోకు. అక్కడ మొహమాటం వద్దమ్మా.

నోట్లో పుండ్లు, పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) చుట్టూ ఎరుపు, పోర్ట్‌లో సెలైన్ ఎక్కించాక వణుకు, ఇవి చిన్నవనుకుని వదిలెయ్యకు. మెత్తటి బ్రష్ వాడు. చేతులు కడుక్కోకుండా నీ దగ్గరికి ఎవరినీ రానివ్వకు, నేనొచ్చినా సరే.

ఇక వాయిదా సంగతి. నాకూ పది రోజులు వెనక్కి పోయింది. ట్రీట్‌మెంట్ పనిచేయడం లేదేమో అని గోడకేసి తిరిగి పడుకున్నాను. తర్వాత అర్థమైంది, వాయిదా వేసింది కణాలు కోలుకోవడానికే. ఆ స్థితిలో మందు ఎక్కిస్తే ఇంకా ప్రమాదం. ఈసారి డాక్టర్‌ని సూటిగా అడుగు: కణాలు పెంచే ఇంజెక్షన్ ఇస్తారా, డోసు తగ్గిస్తారా, తగ్గిస్తే ఎందుకు? క్యాన్సర్ పూర్తిగా నయం చేయాలని ఇచ్చే కీమోలో డోసు తగ్గించకుండా ఇంజెక్షన్‌తో నడపడానికే చాలావరకు చూస్తారు. ఆ ఇంజెక్షన్‌కి నడుము, తుంటి ఎముకలు సలపొచ్చు. నాకు రెండు రోజులు నిద్ర లేదు. మూలుగ పనిచేయడం మొదలుపెట్టిందని నర్సు చెప్పాక ఆ నొప్పి మీద భయం పోయింది.

థర్మామీటర్ తలగడ పక్కనే పెట్టుకో. మీ ఆయన్ని లేపడానికి మొహమాటపడకు, నేను పడ్డ మొహమాటం చాలు. ఎల్లుండి రక్తకణాల కౌంట్ రాగానే నాకు ఫోన్ చెయ్యి, ఎంత వచ్చినా సరే.

మీ పెద్దమ్మ