జొన్నగట్క నేర్చుకో బిడ్డా

బిడ్డా, మొన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే తెలిసింది నువ్వు సరిగ్గా తినడం లేదని. పొద్దున టీ బిస్కెట్, రాత్రికి కర్రీ పాయింట్ కూర, ఇట్లయితే నెలాఖరుకు పైసలూ ఉండవు, ఒంట్లో సత్తువా ఉండదు. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఊరికే ఇస్తున్నారు, మన హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు కదా, నీ వంతు మీ అమ్మ దగ్గరే ఉంది, తెచ్చుకో. కానీ మూడు పూటలా బియ్యమే వద్దు. పీచు, ఇనుము జొన్నల్లోనే ఎక్కువ.

జొన్నరొట్టెకు చేయి తిరగడానికి టైం పడుతుంది, గట్కకు, అదే జొన్నరవ్వ సంకటికి, ఆ టెన్షన్ లేదు. గిర్నిలో, అదే పిండిమరలో, జొన్నలు బరకగా పట్టించి జల్లించు, రవ్వ పైన మిగులుతుంది, పిండి కిందికి దిగుతుంది, రెండూ దాచుకో. రాత్రే గ్లాసు రవ్వ నానబెట్టి, పొద్దున నాలుగైదు గ్లాసుల నీళ్లు మసిలినాక ఉప్పేసి ఆ రవ్వ పోసి సన్న మంట మీద కలుపుతూ ఉండు. రవ్వ మెత్తబడ్డాక గుప్పెడు పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. గరిటె ఎత్తితే ముద్దగా జారాలి, అప్పుడు దించు. మిగిలితే నీళ్లు పోసి పెట్టు, తెల్లారి మజ్జిగ, ఉల్లిగడ్డ వేసుకుని తాగి ఆఫీసుకు పో.

దాంట్లోకి పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు. జొన్నలో తక్కువపడేది పప్పు పూడుస్తుంది, అందుకే మన పెద్దలు రెండూ కలిపే తిన్నారు. కందిపప్పు మెత్తగా ఉడికినాకే ఆకు వెయ్యి, పులుపు ముందే పడితే పప్పు ఉడకదు. నేను కొత్త కాపురంలో అన్నీ ఒకేసారి కుక్కర్‌లో పడేసి పలుకు పలుకుగా ఉన్న పప్పు మీ పెదనాయనకు పెట్టాను, పాపం ఏమీ అనకుండా తిన్నాడు. ఎల్లిపాయ, ఎండుమిర్చి పోపు చాలు. పుంటికూర దొరకని రోజు తోటకూరో మునగాకో వేసి నిమ్మకాయ పిండు, ఆకులోని ఇనుము ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే మాత్రం టీ తాగకు.

కూరగాయలకు రైతుబజార్‌కు సాయంత్రం పో, ఆకుకూర వాడిపోతుందని తక్కువకే ఇచ్చేస్తారు. పల్లీలు కిలో వేయించి పెట్టుకో, ఆకలైనప్పుడు గుప్పెడు, బెల్లం ముక్క.

ఆదివారం మీ తమ్ముడితో రెండు కిలోల రవ్వ పంపిస్తున్నా. డబ్బా మూత గట్టిగా పెట్టు, తేమ తగిలితే పురుగు పడుతుంది.

మీ పెద్దమ్మ