సంఘం ఎన్‌ఓసీ లేనిదే స్టాక్ ఇవ్వమంటే చట్టం ఏం చేస్తుంది?

"ఎంఆర్‌టీపీ చట్టం ఎత్తేశారు కదా, ఇప్పుడు గుత్తాధిపత్యాన్ని అడ్డుకునేది ఎవరు, మాలాంటి చిన్న వ్యాపారులకు దానివల్ల ఒరిగేదేమైనా ఉందా" అని అడిగారు. ఉంది. నేను మందుల హోల్‌సేల్‌లో ఉన్నాను కాబట్టి మా లైన్‌లో జరిగిందే చెప్తాను.

ముందు చట్టం సంగతి. గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి వచ్చిన 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం ఎక్కువగా కంపెనీ సైజు చూసేది. ఆస్తులు 20 కోట్లు దాటిన గ్రూపు కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా ఉన్నదాన్ని పెంచాలన్నా కేంద్రం అనుమతి కావాలి. 1985లో ఆ పరిమితిని 100 కోట్లకు పెంచారు, 1991లో ఆ ముందస్తు అనుమతులే తీసేశారు, 2009 సెప్టెంబరు 1న చట్టమే పోయింది. ఇప్పుడున్నది 2002 నాటి పోటీ చట్టం, దాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్, అదే సీసీఐ. పెద్ద కంపెనీ కావడం ఇప్పుడు తప్పు కాదు. ఆ బలంతో అవతలివాణ్ణి తొక్కితే, లేదా నలుగురు కూడబలుక్కుని ధరో సరఫరానో తమ చేతుల్లో పెట్టుకుంటే తప్పు.

ఈ కూడబలుక్కోవడం సిమెంటు కంపెనీలే చేస్తాయని చాలామంది అనుకుంటారు. మా లైన్‌లో అది వ్యాపారుల సంఘం పేరుతో జరుగుతుంది.

మా టౌన్‌లో నేను ఏజెన్సీ పెట్టినప్పుడు మందుల హోల్‌సేల్‌కి కావాల్సిన 20బి, 21బి లైసెన్సులు, గోడౌన్, ఫ్రిజ్ అన్నీ సిద్ధం. ఒక కంపెనీ ఏరియా మేనేజర్ వచ్చి చూసుకుని అంతా బావుందన్నాడు, టీ తాగాక మెల్లగా "సార్, సంఘం ఎన్‌ఓసీ ఒకటి తెచ్చేయండి, రేపే ఆర్డర్ పెట్టేద్దాం" అన్నాడు. ఎన్‌ఓసీ అంటే తమకు అభ్యంతరం లేదని సంఘం ఇచ్చే కాగితం. సంఘం ఆఫీసుకెళ్తే అక్కడి పెద్దమనిషి "ఆ కంపెనీకి ఊళ్లో ఇద్దరు స్టాకిస్టులున్నారు కదా, మూడోవాడెందుకు బాబూ" అన్నాడు. కావాలంటే ఆ ఇద్దర్నీ ఒప్పించుకోవాలట, భవన నిధికి కొంత కట్టాలట. ఒక్క ముక్కా కాగితం మీద లేదు, అంతా నోటిమాటే. లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వం, నేను ఎవరి సరుకు అమ్మాలో తేల్చేది మాత్రం నా పోటీదార్లు! దీన్ని గుత్తాధిపత్యం అనక ఏమంటారు? మూడో స్టాకిస్టు వస్తే మెడికల్ షాపువాడికి క్రెడిట్ రెండు రోజులు ఎక్కువ దొరుకుతుంది, ఎక్స్‌పైరీ సరుకు వాపసు తీసుకోమని గట్టిగా అడగగలడు, ఒకరి దగ్గర లేని మందు ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. అది రాకుండా ఆపడానికే ఆ ఎన్‌ఓసీ.

సరిగ్గా ఈ పద్ధతి మీదే సీసీఐ చాలా ఉత్తర్వులు ఇచ్చింది. గోవా మందుల వ్యాపారుల సంఘం మీద ఫిర్యాదు మొదట ఎంఆర్‌టీపీ కమిషన్‌కే వెళ్లింది, ఆ చట్టం రద్దయ్యాక సీసీఐకి బదిలీ అయింది, 2012 జూన్‌లో సంఘం మీద జరిమానా పడింది. అంటే పాత చట్టం పోయినా ఫిర్యాదు పోలేదు. 2013లో అఖిల భారత సంఘం కేసులో కూడా ఎన్‌ఓసీ అడగడం చట్టవిరుద్ధమని తేల్చారు. 2014లో బెంగాల్ సంఘం కేసు ఇంకా ఘోరం, షాపులు ఎంఆర్‌పీ మీద డిస్కౌంట్ ఇవ్వకూడదని సంఘమే కట్టడి చేసింది. రోగి నాలుగు రూపాయలు తక్కువకు మందు కొనుక్కుంటుంటే అడ్డం పడటమంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడ సంఘంతో పాటు ఆఫీస్ బేరర్ల మీద కూడా సీసీఐ జరిమానా వేసింది.

నేను చేసింది ఇంతే. ఫోన్లు మానేసి కంపెనీ హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాను, కాపీ వాళ్ల లీగల్ డిపార్ట్‌మెంట్‌కి. దరఖాస్తు ఎప్పుడు ఇచ్చానో, ఏరియా మేనేజర్ ఏమడిగాడో రాసి, సీసీఐ ఉత్తర్వులు జతచేసి, "మీ కంపెనీకి సంఘం ఎన్‌ఓసీ తప్పనిసరా, కాదా, రాతపూర్వకంగా చెప్పండి" అని అడిగాను. అవునని రాసే ధైర్యం ఎవరికీ ఉండదు, రాస్తే అదే సాక్ష్యం. అలాంటి నిబంధన ఏదీ లేదని జవాబొచ్చింది, కొన్నాళ్లకు స్టాకూ వచ్చింది. నాకు సీసీఐ దాకా వెళ్లే అవసరం పడలేదు.

వెళ్లాల్సి వస్తే మాత్రం రెండు విషయాలు తెలుసుకుని వెళ్లండి. ఇది త్వరగా తేలే పని కాదు. సిమెంటు కంపెనీల మీద 2012లో ఆరు వేల కోట్ల పైచిలుకు జరిమానా వేస్తే 2015లో అప్పీల్ ట్రిబ్యునల్ కొట్టేసింది, 2016లో సీసీఐ మళ్లీ వేసింది, 2018లో అప్పీల్‌లో నిలబడింది, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండోది, సీసీఐ వేసే జరిమానా ప్రభుత్వానికి వెళ్తుంది, మీ నష్టానికి పరిహారం కావాలంటే అప్పీల్ ట్రిబ్యునల్‌లో విడిగా అడగాలి. ఫిర్యాదులో మీ పేరు బయటికి రాకుండా ఉంచమని కోరవచ్చు, సంఘంతో రోజూ పని ఉన్నవాళ్లకు అది ముఖ్యం. 2023 సవరణ తర్వాత ఫిర్యాదు చేయడానికి మూడేళ్ల గడువు పెట్టారు, కాబట్టి సరుకు ఎప్పుడు నిరాకరించారో ఆ తేదీ ఉన్న మెయిలో, వాట్సాప్ మెసేజో ఇప్పుడే దాచి పెట్టుకోండి.